అంచు దగ్గర ఆగే నీరు

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ, మా ల్యాబ్ కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా ఒక చిన్న పారదర్శకమైన ముక్కను పెట్టుకుని, నేనూ, నా దగ్గర పీజీ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయీ ఎర్రరంగు కలిపిన నీటిని చూస్తూ కూర్చున్నాం. ఆ ముక్కలో వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, అంటే 100 మైక్రాన్ల వెడల్పూ అంతే లోతూ ఉన్న ఒక కాలువ ఉంది. అది కొంత దూరం పోయి, ఉన్నట్టుండి ఒక వెడల్పాటి కాలువలోకి తెరుచుకుంటుంది. నీరు ఆ తెరుచుకునే అంచు దగ్గర ఆగాలి. మా ప్రాజెక్టు మొత్తానికి పునాది ఆ ఆగడమే. నీరు అంచు దాకా చక్కగా వచ్చింది, క్షణమైనా నిలబడకుండా దాటిపోయింది. "చూస్తుండగానే దాటేసింది సార్" అని ఆ అమ్మాయి అన్నప్పుడు, అంతకుముందు రోజు ఇదే అచ్చులో పోసిన చిప్పు పదిహేను నిమిషాలు నీటిని ఎలా ఆపిందో నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్న విషయాలను ఇక్కడ రాసుకుంటున్నాను. మా తిరుపతి చుట్టుపక్కల కళాశాలల్లో ఇటువంటి పనికి దిగబోయే పిల్లలకు ఇవి ముందే తెలిస్తే కొన్ని వారాలు కలిసివస్తాయి.

మైక్రోఫ్లూయిడిక్ చిప్పు అంటే ఒకటి రెండు మైక్రోలీటర్ల ద్రవాన్ని నడిపించే కాలువల పలక. ఒక మైక్రోలీటరు అంటే మిల్లీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక చిన్న ఘనం. ఇంత తక్కువ ద్రవాన్ని పంపులతో, విద్యుత్ కవాటాలతో నడపవచ్చు గానీ, అప్పుడు చిప్పు అరచేతిలో ఉన్నా దాన్ని నడిపే సరంజామా బల్ల నిండా పరుచుకుంటుంది. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి కొస నుంచి తీసిన రక్తపు బొట్టుతో పరీక్ష చేయాలంటే ఆ బల్ల అక్కడ ఉండదు. గర్భ నిర్ధారణ పట్టీలాగా బొట్టు వేస్తే చాలు తనంతట తానే నడిచేది కావాలి. అయితే ఆ పట్టీలో జరిగేది దాదాపుగా ఒకే ప్రయాణం, ద్రవం ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది, అంతే. ప్రయోగశాలలో ప్రతిరక్షకాలతో (యాంటీబాడీలతో) చేసే పరీక్షకు మాత్రం వరస ఉంటుంది: ముందు నమూనా, తరువాత కడగడం, ఆపై రంగు తగిలించిన ప్రతిరక్షకం, మళ్ళీ కడగడం. ఎవరూ మీట నొక్కకుండా ఒకటి ఆగి మరొకటి కదలాలంటే, ఆగమని చెప్పే పనీ కదలమని చెప్పే పనీ కాలువల ఆకారమే చేయాలి. అందుకే కేశనాళిక కవాటం, అంటే సన్నని కాలువ ఆకారంతోనే ద్రవాన్ని ఆపే ఏర్పాటు. దానిలో కదిలే భాగం ఒక్కటీ ఉండదు.

సన్నని గొట్టంలో నీరు ఎగబాకడం మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే, దీపం వత్తిలో నూనె రోజూ చేసి చూపించేదే. గాజు వంటి తలం నీటిని తనవైపు లాక్కుంటుంది, ఆ లాగుడుకు నీటి మొన లోపలికి వంగుతుంది, ఆ వంపు వెనకనున్న నీటిని ముందుకు పీలుస్తుంది. 1805లో థామస్ యంగ్, ఆ మరుసటి ఏడాది లాప్లాస్ ఈ పీడనాన్ని లెక్కకు తెచ్చారు. 25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. గొట్టం వ్యాసార్ధం 50 మైక్రాన్లయితే, గోడ పూర్తిగా తడిసేదయితే, లాగే పీడనం 2,900 పాస్కల్ దాకా ఉంటుంది. అంటే దాదాపు 29 సెంటీమీటర్ల నీటిమట్టం. ఆ కొలతలో గురుత్వాకర్షణ చిన్నబోతుంది, ప్రవాహంలో సుడులు పుట్టవు, తలమే పెత్తనం చేస్తుంది. నీరు ఎంత దూరం పోతే అంత నెమ్మదిస్తుందని, దూరం కాలపు వర్గమూలంతో పెరుగుతుందని 1921లో వాష్‌బర్న్ చూపించాడు. ఇదంతా నీరు ఎందుకు కదులుతుందనే దాని గురించి. మాకు కావలసింది ఎందుకు ఆగుతుందనేది.

దానికి మా అమ్మ కాఫీ తాగే స్టీలు గ్లాసు చాలు. గ్లాసును అంచు దాకా నింపి, ఆ తరువాత చుక్క చుక్కగా పోస్తూ పోతే నీరు అంచుకంటే పైకి బుడిపెలాగా ఉబ్బుతుంది గానీ ఒలికిపోదు. నీటి ఉపరితలం చివర ఆ అంచును పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. అది బయటి గోడ మీదకు దిగాలంటే, ఆ బయటి గోడతో తన సహజమైన స్పర్శకోణం (నీటి తలం గోడను తాకే చోట, నీటి వైపు నుంచి కొలిచే కోణం) ఏర్పడేంతగా ఉబ్బాలి. అంత ఉబ్బడానికి అదనపు పీడనం కావాలి, అది చేరేదాకా నీరు నిలబడుతుంది. గిబ్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇదే. కాలువ ఉన్నట్టుండి వెడల్పయిన చోట పక్కగోడ 90 డిగ్రీలు తిరిగిపోతుంది కాబట్టి, ఇప్పటిదాకా 30 డిగ్రీల కోణంతో హాయిగా జారుకుంటూ వచ్చిన నీటి మొన ఇక ముందుకు పోవాలంటే పాత గోడతో 120 డిగ్రీలు చేయాలి. అంటే లోపలికి వంగిన మొన బయటికి ఉబ్బాలి. లాగే పీడనం అక్కడ తలకిందులై అడ్డుకునే పీడనమవుతుంది. మాకూ పుస్తకంలో కనిపించిన బొమ్మ ఇదే, దాన్ని నమ్మే అచ్చు చేయించాం.

ఆ బొమ్మ పైనుంచి చూసిన బొమ్మ. మేం చేసిన తప్పు అక్కడుంది. పైనుంచి చూస్తే కాలువకు రెండు పక్కగోడలే కనిపిస్తాయి. నిజంగా కాలువకు నేలా ఉంది, కప్పూ ఉంది, మా చిప్పులో ఆ రెండూ అంచు దగ్గర ఎటూ తిరగకుండా నేరుగా ముందుకు పోతున్నాయి. పక్కగోడలు నీటిని ఆపుతుంటే నేల, కప్పు ముందుకు లాగుతూనే ఉంటాయి. కాగితం మీద లెక్క వేస్తే విషయం నిమిషంలో తేలిపోయింది. స్పర్శకోణం 30 డిగ్రీలయితే, 100 మైక్రాన్ల కాలువలో పక్కగోడలు రెండూ కలిసి అడ్డుకునే పీడనం 720 పాస్కల్. నేల, కప్పు కలిసి లాగే పీడనం దాదాపు 1,250. నీరు ఆగే ప్రశ్నే లేదు. అదే కోణం 60 డిగ్రీలయితే అడ్డుకునేది 1,250 పాస్కల్, లాగేది 720, నీరు ఆగుతుంది. వెడల్పూ లోతూ సమానంగా ఉన్న కాలువలో ఈ రెండింటి మధ్య సరిహద్దు సరిగ్గా 45 డిగ్రీలు.

మరి మా చిప్పు ఒకరోజు ఆపి, మరొకరోజు ఎందుకు ఆపలేదు? మేం వాడేది పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు. దానిని అచ్చులో పోసి గట్టిపడ్డాక ఒలుచుకోవచ్చు. మామూలుగా అది నీటిని దరిచేరనివ్వదు, స్పర్శకోణం 110 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆక్సిజన్ ప్లాస్మాలో, అంటే విద్యుత్తుతో ఉత్తేజపరచిన ఆక్సిజన్ వాయువులో, అరనిమిషం ఉంచితే దాని తలం మారిపోయి నీటికి బాగా తడుస్తుంది. ఆ స్థితిలో రెండు ముక్కలను కలిపి నొక్కితే శాశ్వతంగా అతుక్కుంటాయి కూడా. అయితే ఆ తడిసే గుణం నిలవదు. లోపలి చిన్న అణువులు నెమ్మదిగా పైకి వచ్చి, గంటలు రోజులు గడిచేకొద్దీ తలం మళ్ళీ నీటిని విదిలించే పాత స్వభావానికి చేరుకుంటుంది. మా ల్యాబ్‌లో ప్లాస్మా యంత్రం లేదు. ఒక పరిశోధనాలయంలో వాళ్ళ దయవల్ల చేయించుకుని బస్సులో తెచ్చుకుంటాం. తెచ్చిన మధ్యాహ్నమే నీరు పోస్తే కోణం 30 డిగ్రీలు, మరునాడు పోస్తే 60 చిల్లర, వారం ఆగితే నీరు కాలువలోకే ఎక్కదు. కోణం కొలవడానికి మా దగ్గర పరికరమేమీ లేదు. పలక మీద బొట్టు వేసి, సెల్‌ఫోనుతో పక్కనుంచి ఫోటో తీసి, ముద్రించి, కోణమానినితో కొలిచాం. ఒకే చిప్పుకు మూడు స్వభావాలున్నాయని ఆ ఫోటోలు వరసగా పేర్చుకున్నాకే అర్థమైంది. అంతకుముందు రెండు వారాలు మేం అచ్చునూ, రంగునూ, ఎండనూ, ఒకరినొకరమూ అనుమానించుకున్నాం.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా ఊరి వేసవిలో తలతన్యత తగ్గిపోయి వాల్వు కారుతోందేమోనని మొదట నేనే అన్నాను. అది నిలబడే వాదన కాదు. 40 డిగ్రీల దగ్గర కూడా నీటి తలతన్యత 69.6 దాకా ఉంటుంది, తేడా నాలుగు శాతం లోపే. వేసవి చేసే అసలు నష్టం వేరు. మైక్రోలీటరు నీరు తెరిచి ఉన్న రంధ్రం దగ్గర చూస్తుండగానే ఆవిరవుతుంది, అందులో కరిగి ఉన్న లవణం అంచు మీద పేరుకుంటుంది, ఆ తరువాత ఆ అంచు అంచుగా ఉండదు. తడిగుడ్డ పరిచిన డబ్బాలో చిప్పును పెట్టడం దానికి మేం కనిపెట్టిన మందు.

పరిష్కారానికి దారి చూపినవి జ్యూరిక్‌లోని ఐబీఎం పరిశోధనాలయం నుంచి వచ్చిన పనులు. అక్కడ డేవిడ్ యుంకర్, ఇమాన్యుయెల్ డెలమార్ష్ తదితరులు 2002లోనే, ద్రవాలను పోయడం తప్ప మరే జోక్యమూ లేకుండా నడిచే కేశనాళిక వ్యవస్థను ప్రచురించారు. ఆ బృందమే 2007, 2008లలో కేశనాళిక పంపుల గురించీ కవాటాల గురించీ విడివిడిగా రాసింది. వాళ్ళ కాలువలు సిలికాన్‌లో చెక్కినవి, నీటికి తడిసేవి. పైన కప్పు మాత్రం ప్లాస్మా చూపని పీడీఎంఎస్, అంటే తడవనిది. మేం రెండు ముక్కలను అతికించే తొందరలో కప్పును కూడా తడిసేదిగా మార్చేశాం. కప్పును ప్లాస్మాకు పంపకుండా ఊరికే ఆనించి నొక్కినా పీడీఎంఎస్ దాని మెత్తదనం వల్ల అంటుకునే ఉంటుంది, కావాలంటే ఊడదీయవచ్చు కూడా. అలా చేస్తే, కోణం 30 డిగ్రీలున్నప్పుడు కూడా పక్కగోడల 720కి కప్పు తన వంతుగా మరో 246 పాస్కల్ కలుపుతుంది, ముందుకు లాగేది నేల ఒక్కటే, 624. మిగిలేది దాదాపు 340 పాస్కల్, మూడున్నర సెంటీమీటర్ల నీటిమట్టం. బొటాబొటీగానైనా ఆగాలి.

ఆగింది. అయిదారు నిమిషాలు. తరువాత నేల మూలల వెంబడి రెండు ఎర్రటి దారపు పోగుల్లాంటివి ముందుకు పాకడం భూతద్దంలో కనిపించింది. మొన కదలలేదు, మూలలు కదిలాయి. పాల్ కాంకస్, రాబర్ట్ ఫిన్ అనే గణితజ్ఞులు 1969లో మూలల్లో ద్రవతలం ఎలా ఉంటుందో తేల్చారు. రెండు గోడలు లంబంగా కలిసిన మూలలో, ఆ రెండు గోడల స్పర్శకోణాల మొత్తం 90 డిగ్రీలకు లోపయితే ద్రవం మూలను పట్టుకుని ఎంతదూరమైనా పాకుతుంది. మా కప్పు మూలల్లో మొత్తం 110, 30 కలిసి 140, అక్కడ భయం లేదు. నేల మూలల్లో 30, 30 కలిసి 60. గది మూలల్లో చెమ్మ ముందుగా ఎక్కినట్టే, మూలకు నీటిని లాగే గోడలు రెండు. ఈ విషయంలో పుస్తకాల్లోని బొమ్మలు చదువరికి చేసే అన్యాయం ఇంతా అంతా కాదు. అన్నీ మొనను గీస్తాయి, మూలను గీసేది అరుదు.

కాబట్టి నేల కూడా అంచు దగ్గర తెగిపోవాలి. లోతు తక్కువున్న కాలువ లోతైన కాలువలోకి మెట్టు దిగినట్టు తెరుచుకోవాలి, పక్కగోడలతో పాటు నేల కూడా 90 డిగ్రీలు తిరగాలి. అప్పుడు నేల లాగడం మాని 360 పాస్కల్ అడ్డుకుంటుంది, మొత్తం 1,300 పాస్కల్ దాటుతుంది, అంచును దాటి నేరుగా ముందుకు సాగేది తడవని కప్పు ఒక్కటే కాబట్టి పాకడానికి మూల మిగలదు. రెండు అంతస్తుల అచ్చు చేయించడానికి మరో నెల పట్టింది. సన్నగొట్టానికి సిరంజి తగిలించి, దాన్ని స్టాండు మీద సెంటీమీటరు చొప్పున పైకి జరుపుతూ, ఏ ఎత్తు దగ్గర వాల్వు తెగుతుందో చూశాం. లెక్కలో వచ్చిన పదమూడున్నర సెంటీమీటర్ల కంటే ముందే తెగింది. అంచు మనం గీసినంత పదునుగా ఉండదు, కొంచెం గుండ్రపడి ఉంటుంది. గుండ్రటి అంచు మీద నీటి మొన ఒక్కసారిగా 90 డిగ్రీలు ఉబ్బనక్కరలేదు, కొంచెం కొంచెంగా వంపు వెంట జారుకుంటుంది. మందపాటి అంచున్న డబరా నుంచి కాఫీ వంచితే అంచు కిందుగా జారి వేళ్ళ మీదికి రావడంలోనూ అంచు గుండ్రదనం పాలు ఉంది. పదునైన అంచున్న టంబ్లరు నుంచి అలా జరగడం తక్కువ.

ఆపడం సగం పని. తెరవడం మిగతా సగం, అందులో ఉన్న చమత్కారం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అంచు దగ్గర ఆగిన నీటిని వెనకనుంచి తోసి పంపడం ఒక పద్ధతి. గుండ్రంగా తిప్పే సీడీ ఆకారపు చిప్పుల్లో, తిరిగే వేగం పెంచి అలాగే తోస్తారు. మరో పద్ధతిలో తోపు అవసరమే లేదు. లోతైన కాలువ వెంట రెండో ద్రవం వచ్చి, ఆగి ఉన్న మొనను తాకితే చాలు. రెండు నీళ్ళు కలిసిపోయిన క్షణాన మధ్యనున్న గాలితలం మాయమవుతుంది. అడ్డుకుంటున్నది ఆ గాలితలపు వంపే కాబట్టి, అది పోయాక అడ్డు అనేదే ఉండదు. రెండూ ఒకే ప్రవాహంగా సాగుతాయి. అయితే వరస తప్పకూడదు. ఆగవలసిన ద్రవం అంచుకు చేరకముందే రెండోది ఆ నోటి ముందునుంచి పోతే, మధ్యలో గాలి చిక్కుకుపోతుంది. ఆ బుడగ ఆ తరువాత దేనికీ కదలదు. మా చిప్పుల్లో ఇప్పుడు చెడిపోయేవాటిలో ఎక్కువ భాగం కారిపోయేవి కావు, ఇలా బుడగ పట్టినవే.

ఇక మరో రకం కవాటం ద్రవాన్ని ముందుకు పోకుండా ఆపేది కాదు, వెనక్కు పట్టి ఉంచేది. దానిని తలుచుకున్నప్పుడల్లా నాకు శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల చేతిలోని కలం గుర్తుకువస్తుంది. చెక్కిన వెదురు పుల్లకు మొన కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. పాత ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి చేసిన నల్లటి ద్రవంలో ముంచి తీస్తే, ఆ ద్రవమంతా ఉన్ని పోగుల సందుల్లో నిలుస్తుంది, కలం నిలువుగా పట్టుకున్నా కారదు. వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కినప్పుడు, మొన బట్టకు తగిలినప్పుడు మాత్రం దిగుతుంది. బట్టను ముందే కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయ ఇనుముతో కలిసి నలుపు తేలుస్తుంది, పాలలోని కొవ్వు గీత అలుక్కోకుండా కాస్తుంది. సన్నని సందులు ద్రవాన్ని పట్టి ఉంచడం, తలం స్వభావం మార్చి ద్రవాన్ని గీతకు కట్టడి చేయడం, మా చిప్పులో ఉన్న రెండు ఉపాయాలూ అక్కడ ఉన్నాయి. తేడా ఏమిటంటే అక్కడ నొక్కడానికి ఒక చెయ్యి ఉంది.

చిప్పులో ఆ చెయ్యి చేసే పనిని సన్నదనంలోని హెచ్చుతగ్గులు చేస్తాయి. ద్రవం నింపిన గదుల చివర ఒక్కొక్క ఇరుకైన మెడ పెట్టి, ఆ మెడలను వరసగా ఒకదాని కంటే ఒకటి ఇరుకుగా చేస్తే, చివరనున్న కాగితపు పంపు పీల్చేటప్పుడు అన్నిటికంటే వెడల్పాటి మెడ ఉన్న గది ముందు తెగి ఖాళీ అవుతుంది, ఆ తరువాతది తరువాత. గదుల సంఖ్య పెరిగేకొద్దీ మెడల మధ్య తేడాలు అచ్చులోని లోపాల కంటే చిన్నవైపోయి వరస తప్పుతుంది. ఈ ఇబ్బందిని దాటిన పద్ధతిని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోని యుంకర్ బృందం 2022లో నేచర్ పత్రికలో ప్రచురించింది. అందులో గదులు గాలిదారులతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, ముందున్న గది పూర్తిగా ఖాళీ అయితేనే ఆ ఖాళీ గుండా గాలి వచ్చి తరువాతి గది కదులుతుంది. త్రీడీ ప్రింటరులో చేసి ఒకదానికొకటి కలిపిన అటువంటి చిప్పుల్లో 300 గదులు వరస తప్పకుండా ఖాళీ అయ్యాయి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చుని ఈ విషయాన్ని మా విద్యార్థులకు చెప్పాలని నాకు చాలాసార్లు అనిపించింది. కాకపోతే అక్కడ ముందు కంపార్టుమెంటు ఖాళీ అయ్యాక తలుపు తీయడానికి తాళంచెవితో ఒక మనిషి రావాలి. ఈ చిప్పులో ఖాళీ అవడమే తాళంచెవి.

మాది అంత పెద్ద వ్యవస్థ కాదు, మూడు గదులది. రంగునీటితో ఇప్పుడు పది చిప్పుల్లో ఏడెనిమిది వరస పాటిస్తున్నాయి. రంగునీటి నుంచి అసలు ద్రవాలకు మారగానే కొత్త చిక్కు మొదలైంది. పరీక్షల్లో కడగడానికి వాడే ద్రవంలో కొద్దిగా ట్వీన్ అనే సబ్బులాంటి పదార్థం ఉంటుంది, అది తలతన్యతను దాదాపు సగానికి దించుతుంది, స్పర్శకోణాన్ని కూడా దించుతుంది. 1,300 పాస్కల్ ఆపవలసిన అంచు అప్పుడు అందులో సగం కూడా ఆపలేదు, తడవదనుకున్న కప్పు కూడా ఆ ద్రవానికి కొంత లొంగుతుంది. రక్తపు ప్లాస్మాలోని ప్రొటీన్లు గోడకు అంటుకుని చేసేదీ ఇటువంటిదే. అంచును ఇంకా ఇరుకు చేస్తే పీడనం పెరుగుతుంది, కానీ ప్రవాహానికి నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి, కాలువ పొడవునా సగం ఇరుకు చేస్తే పరీక్ష పదహారు రెట్లు ఈడ్చుకుపోతుంది. ఇరుకును అంచుకు ముందు కొద్ది మేరకే పరిమితం చేయాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు గీస్తున్న మూడో అచ్చులో కాలువ 100 మైక్రాన్లుగానే వచ్చి, అంచుకు కాస్త ముందు 40కి సన్నబడి, అక్కడ మెట్టు దిగుతుంది. ట్వీన్ కలిపిన ద్రవంతో కోణం కొలిచిన ఫోటోలు గోడకు అతికించి ఉన్నాయి. అచ్చు వచ్చే వారం వస్తుంది. ఈసారి ప్లాస్మా చేయించిన తేదీతో పాటు గంట కూడా ప్రతి చిప్పు మీదా రాయాలని నిర్ణయించుకున్నాం.